గండికోటకు నీళ్ళు మోసిందెవరు?

రాయలసీమలో కోటలకు కొదవ లేదు. గండికోట, సిద్ధవటం, గుర్రంకొండ, పెనుకొండ, ఆదోని. ప్రతి కోటకూ ఒక చరిత్ర ఉంది, దాన్ని రాసినవాళ్ళున్నారు. ఎవరు కట్టించారు, ఎవరు ముట్టడించారు, ఎవరు ద్రోహం చేశారు, ఎవరు ఏలారు అనే నాలుగు ప్రశ్నల చుట్టూనే ఆ చరిత్రలు తిరుగుతుంటాయి. వాటిలో స్త్రీలు కనిపించే చోట్లు రెండే. ఒకటి రాణీమహల్. రెండోది కోట కూలిపోయే చివరి ఘట్టం. అక్కడ ఒక వీరనారి కత్తి పట్టి నేలకొరుగుతుంది, లేదా నిప్పుల్లోకి నడుస్తుంది. ఈ రెంటికీ మధ్య, కోట నిలబడి ఉన్న వందల ఏళ్ళ కాలంలో, ఆడవాళ్ళు ఏం చేస్తుండేవాళ్ళు? ఈ ఒక్క ప్రశ్న చేతబట్టుకుని కోటలోకి వెళ్తే ఏం కనబడుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. నేను ఎంచుకున్నది మా ప్రాంతపు కోట, గండికోట.

మాది ఎర్రగుంట్ల. నాపరాళ్ళ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు దుమ్ము, మద్రాసు బొంబాయి రైలు మార్గం. బయటివాళ్ళకు మా ఊరు గురించి తెలిసింది ఇంతే. చరిత్ర చదివినవాళ్ళకు ఇంకొక్కటి తెలుసు. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే కలమళ్ళ శాసనం మా మండలంలోదే. క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు చెబుతున్న ఆ శాసనంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు ఉంది. తెలుగు మాట రాతికెక్కిన చోట పుట్టామని మేం గర్వపడతాం. రాతికెక్కడానికి అర్హత ఎవరికుండేదన్న ప్రశ్న కూడా అక్కడే మొదలవుతుంది.

ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగుకు బస్సు. అక్కడి నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే చూడవలసినవన్నీ చూసి పొద్దుగూకేలోగా ఇల్లు చేరుకోవచ్చు. చిన్నప్పుడు బడి పిల్లలతో ఒకసారి, పరిశోధన చేస్తున్నప్పుడు రెండు మూడుసార్లు వెళ్ళాను. ఈమధ్య అమ్మనూ, మా పెద్దమ్మనూ తీసుకుని వెళ్ళాను. ఇంతకాలం నేను చదివిన పుస్తకాలు నాతో అడిగించలేకపోయిన ప్రశ్నను ఆ రోజు మా అమ్మ అడిగింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్నా పారే చోట, ఆ గండి అంచున ఉంది కోట. ఒకవైపు నిలువునా దిగిపోయే రాతి లోయ, దాని అడుగున నది. మిగతా వైపుల ఎర్రరాతి గోడలు, బురుజులు. ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపులు దాటి లోపలికి వెళ్తే మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, దాని పక్కనే కమానుల కప్పుతో పెద్ద ధాన్యాగారం, కత్తుల కోనేరు, రాయల చెరువు, జైలు అని పిలిచే ఒక కట్టడం, పావురాల గోపురం, రాణీమహల్ అని చూపించే ఒక శిథిలం. ఇప్పటికీ కోట లోపల ఊరుంది. ఇళ్ళ ముందు ముగ్గులున్నాయి, గొర్రెలున్నాయి. కోటను చూడటానికి వచ్చినవాళ్ళు ఆ ఇళ్ళను చూడకుండా లోయ అంచుకు వెళ్ళి ఫొటోలు దిగుతారు. ‘భారతదేశపు గ్రాండ్ కేనియన్’ అని ఇప్పుడు దీనికి పేరు.

కోట పుట్టుక గురించి పర్యాటక పుస్తకాలన్నీ ఒకే మాట రాస్తాయి. కళ్యాణి చాళుక్యరాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు 1123లో కట్టించాడని. ఆహవమల్లుడనే బిరుదున్న మొదటి సోమేశ్వరుడు 1068లోనే చనిపోయాడు. ఈ రెండూ పొసగవు. అయినా ఈ వాక్యం ఒక పుస్తకం నుంచి మరో పుస్తకంలోకి నడుస్తూనే ఉంది. స్త్రీల చరిత్ర గురించి ఏ సెమినార్లో మాట్లాడినా వెనక వరసలోంచి ఒక గొంతు తప్పకుండా అడుగుతుంది, “ఆధారాలున్నాయా అమ్మా?” అని. అడగవలసిన ప్రశ్నే. కాకపోతే కాకరాజునూ అదే కచ్చితత్వంతో అడిగితే బాగుండేది.

విజయనగర కాలం నుంచి పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. కృష్ణదేవరాయల యుద్ధాల్లో పేరుపొందిన పెమ్మసాని రామలింగ నాయకుడు ఈ వంశం వాడే. పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. తర్వాత కడప మయానా నవాబులు, హైదరాలీ, టిప్పు, నిజాం. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. ఈ వరసలో ఎక్కడా ఒక్క స్త్రీ పేరు అవసరం పడదు.

ఈ కోటను కళ్ళారా చూసి రాసినవాళ్ళలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవర్నియే ఒకడు. 1652లో మీర్ జుమ్లాను కలవడానికి వచ్చాడు. అప్పటికి కోట గోల్కొండ చేతికి వచ్చి కొద్ది రోజులే అయింది. కర్ణాటక రాజ్యంలోని అతి బలమైన దుర్గాల్లో ఇదొకటని రాశాడు. పైకి వెళ్ళే దారి ఎంత ఇరుకో రాశాడు. ఫిరంగులు పోతపోయడానికి గుళ్ళలోని రాగి విగ్రహాలను పోగుచేసిన సంగతి రాశాడు. మీర్ జుమ్లా కొలువులో కూర్చునే తీరును బొమ్మ కట్టినట్టు చెప్పాడు. కాలివేళ్ళ సందున కొన్ని కాగితాలు, చేతివేళ్ళ సందున కొన్ని కాగితాలు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయించేవాడట. ఒక సేనాని కాలివేళ్ళ దాకా చూసిన ఆ కళ్ళకు గండికోటలో ఆడవాళ్ళు ఆనలేదు.

తవర్నియేకు ఆడవాళ్ళు ఎక్కడా కనబడలేదని దీని అర్థం కాదు. ఆయనే కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని దగ్గరికి వెళ్ళినప్పుడు, తాను మొదటిసారి చూసేసరికి అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతున్నారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారు. గోల్కొండ నగరం గురించి రాసేటప్పుడు దారోగా పుస్తకంలో 20,000కు పైగా వేశ్యల పేర్లున్నాయని చెప్పాడు. మీర్ జుమ్లా సంపద వెనక వజ్రపు గనులున్నాయన్నది చరిత్రకారులు ఒప్పుకున్న సంగతి. అంటే గండికోట కొలువులో వేళ్ళ సందుల్లో కాగితాలు పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి ఐశ్వర్యంలో కొంతైనా ఆడవాళ్ళ నెత్తిమీది గంపల్లోంచి దిగింది. ఒకే యాత్రికుడి పుస్తకంలో ఈ రెండు పేజీలున్నాయి. కోట పేజీలో రాజ్యం ఉంది, గని పేజీలో శ్రమ ఉంది. వాటిని పక్కపక్కన పెట్టి చదవవలసిన పని మనది. కొల్లూరు గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. అక్కడికి వెళ్ళి చూడటానికి కూడా ఏమీ మిగల్లేదు, ఆ పేజీ తప్ప.

ఇక రాణీమహల్ సంగతి. మన దేశంలో పాడుబడ్డ రాజకోటల్లో కాస్త సొగసుగా ఉన్న ప్రతి కట్టడానికీ ఎవరో ఒకరు రాణి పేరు పెట్టేస్తారు. చంద్రగిరిలో రాణీమహల్ ఉంది. హంపిలో రాణుల స్నానఘట్టం, జనానా ఆవరణ, లోటస్ మహల్ ఉన్నాయి. ఆ జనానా అన్న పేరు తరవాతి కాలపు ఊహ అనీ, అక్కడ స్త్రీలే నివసించారనడానికి గట్టి సాక్ష్యం లేదనీ హంపిలో ఏళ్ళ తరబడి పనిచేసిన పరిశోధకులు చెప్పారు. కట్టడం అందంగా ఉంటే ఆడవాళ్ళది, బలంగా ఉంటే మగవాళ్ళది. పేర్లు పెట్టినవాళ్ళ మనసులో ఉన్న లెక్క ఇదే. గండికోట రాణీమహల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఏ రాణి, ఎప్పుడు, ఎన్నాళ్ళు అని అడిగితే గైడ్ నవ్వి, తర్వాతి కట్టడానికి తీసుకెళ్తాడు.

నిజానికి రాణివాసం అంటే మనం ఊహించుకునే అద్దాల మేడ కాదు. అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ అంతఃపురం లోపలి పనుల జాబితా ఒకటి రాశాడు. కుస్తీ పట్టే స్త్రీలు, జ్యోతిషం చెప్పే స్త్రీలు, వాద్యాలు వాయించే స్త్రీలు, కాపలా కాసే స్త్రీలు, లోపలి ఖర్చుల లెక్కలు రాసే స్త్రీలు. రాజ్య వ్యవహారాలను పుస్తకాలకెక్కించి, బయటి రాయసగాళ్ళ పుస్తకాలతో పోల్చి చూసే స్త్రీలు కూడా ఉన్నారని రాశాడు. ఒక్కసారి ఆలోచించండి. పదహారో శతాబ్దంలో లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే ఆడవాళ్ళు! వాళ్ళ చేతిరాత ఒక్క ముక్క మిగిలినా మన సాహిత్య చరిత్రలో గంగాదేవి, తిరుమలాంబల పక్కన ఇంకో అధ్యాయం ఉండేది. నూనిజ్ రాసింది రాజధాని గురించి, గండికోట సామంతుల కోట. అక్కడున్నవన్నీ ఇక్కడున్నాయని నేననను. కానీ రాణీమహల్ అన్న పేరు వినగానే దర్పణం ముందు కూర్చున్న స్త్రీ మాత్రమే మన కళ్ళకు కడుతుంటే, ఆ దర్పణం మనది. ఆ కాలానిది కాదు.

రెండో చోటు, చివరి ఘట్టం. గండికోట పతనం గురించి ఈ ప్రాంతంలో చెప్పుకునే కథలో పెమ్మసాని గోవిందమ్మ ఉంది. ఆమె చినతిమ్మ నాయకుడి చెల్లెలు. మీర్ జుమ్లా సైన్యంతో జరిగిన పోరులో భర్త సాయపనేని నరసింహనాయుడు చనిపోతాడు. అందరూ వారిస్తున్నా వినకుండా ఆమె కాసె బిగించి, కత్తి దూసి, గుర్రమెక్కి యుద్ధంలోకి దూకుతుంది. కోట గోడలు పగలగొట్టిస్తున్న అబ్దుల్ నబీ అనేవాడిని ఎదుర్కొంటుంది. అతని కత్తికి ఆమె, ఆమె కత్తికి అతనూ కూలిపోతారు. తర్వాత ఒక మంత్రి కుట్ర వల్ల నాయకుడు విషప్రయోగానికి బలవుతాడు, కోట శత్రువుల పరమవుతుంది.

ఈ కథను నేను కొట్టిపారేయను. 1901లో భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించినప్పుడు ఆమె ముందున్న పని సరిగ్గా ఇదే. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు అనేవాళ్ళకు జవాబుగా వీరనారులనూ విదుషీమణులనూ వెతికి పట్టుకుని వాళ్ళ చరిత్రలు రాయడం. ఆమె ఆ పని చేసి ఉండకపోతే ఈ రోజు మనం అడుగుతున్న ప్రశ్నలకు పునాదే ఉండేది కాదు. గోవిందమ్మ లాంటి కథలు ఆడపిల్లలకు ఇచ్చే బలం నాకు తెలుసు. మా బడిలో ఒక టీచరమ్మ ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీల అమ్మాయిలం నిటారుగా కూర్చున్నాం.

అయితే అచ్చమాంబ వేసిన మెట్టు మీద నిలబడి ఇంకో మెట్టు ఎక్కవలసిన బాధ్యత మనకుంది. గోవిందమ్మ కథను జాగ్రత్తగా వినండి. ఆమె కత్తి పట్టడానికి భర్త చావాలి. ఆమె బతికి ఉండగా ఏం ఆలోచించింది, కోట వ్యవహారాల్లో ఆమె మాట చెల్లిందా, ఆమెకు కత్తి తిప్పడం ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు, ఈ ప్రశ్నలకు కథలో చోటు లేదు. ఒక్క రోజు యుద్ధం చేసేందుకు ఏళ్ళ సాధన కావాలి. ఆ ఏళ్ళు కథకుడికి అక్కర్లేదు. అతనికి కావలసింది చావు మాత్రమే.

ఇంకొక మాట. అబ్దుల్ నబీ ఖాన్ అన్న పేరు మన జిల్లాలో బాగా తెలిసిన పేరు. పద్దెనిమిదో శతాబ్దం తొలి భాగంలో కడపను ఏలిన మయానా నవాబుది. గండికోట ముట్టడి అంతకు యాభై ఏళ్ళ పైచిలుకు ముందటిది. జనం నోళ్ళలో నలిగే కథలో ఒక కాలపు పేరు మరో కాలంలోకి జారడం మామూలే. మౌఖిక కథలతో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. పట్టించుకోవలసింది కథను ఇప్పుడు ఎలా వాడుతున్నారన్నది. ఒకరు గోవిందమ్మను తమ కులం పడుచు అంటారు. ఇంకొకరు ముస్లిం దండయాత్రను ఎదిరించిన హిందూ స్త్రీ అంటారు. మసీదు, ధాన్యాగారం, గుడి ఒకదాని నీడ ఒకదాని మీద పడేంత దగ్గరగా ఉన్న కోటలో నిలబడి ఈ మాటలు వినవలసి వస్తోంది. రెండు వాదనల్లోనూ గోవిందమ్మ ఒక జెండా. జెండాకు జీవితం ఉండదు.

ఈ జబ్బు మనకే పరిమితం కాదు. జర్మనీలో ఐజెనాఖ్ ఊరి మీద కొండ కొమ్మున వార్ట్‌బుర్గ్ అనే కోట ఉంది. 1999లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడికి వచ్చే జనమంతా తప్పక చూసేవి రెండు గదులు. ఒకటి మార్టిన్ లూథర్ 1521, 22 సంవత్సరాల్లో తలదాచుకుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదించిన గది. రెండోది ఎలిజబెత్ గది. ఆమె 1207లో పుట్టిన హంగరీ రాజకుమార్తె. నాలుగేళ్ళ పసిపిల్లగా తురింగియా రాజకుటుంబానికి తీసుకొచ్చారు. పద్నాలుగో ఏట పెళ్ళి, ఇరవయ్యో ఏట వైధవ్యం. కోట విడిచి వెళ్ళి, మార్బుర్గ్‌లో రోగుల కోసం ఆస్పత్రి పెట్టి, వాళ్ళకు సేవ చేస్తూ 1231లో, ఇరవైనాలుగో ఏట చనిపోయింది. నాలుగేళ్ళకు చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

లూథర్ గదిని సాదా చెక్క గోడలతో చూపిస్తారు, అక్కడ ఆయన చేసిన పనిని గుర్తు చేయడానికి. ఎలిజబెత్ గది గోడలూ కప్పూ బంగారు రంగు మొజాయిక్‌తో మెరిసిపోతుంటాయి. ఆ మొజాయిక్ ఆమె కాలానిది కాదు, 1902, 1906 మధ్య జర్మన్ చక్రవర్తి పూనికతో వేయించింది. ఆమె గురించి ఎక్కువ మందికి తెలిసిన కథ కూడా అలాంటిదే. పేదలకు రొట్టెలు పట్టుకెళ్తుంటే దారిలో నిలదీశారట, ఒడి విప్పి చూపిస్తే రొట్టెలు గులాబీలయ్యాయట. ఆ గులాబీల కింద ఒక గట్టి చారిత్రక సంగతి పూడిపోయింది. 1226లో కరువు వచ్చింది. భర్త ఇటలీలో ఉన్నాడు. ఆమె కోట గాదెలు తెరిపించి ధాన్యం పంచింది. కొలువులోని పెద్దలకు అది గిట్టలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల తీసుకున్న రాజకీయ నిర్ణయం అది. రొట్టె పువ్వుగా మారగానే ఆ నిర్ణయం మహిమగా మారింది, ఆమె తెలివీ తెగువా దేవుడి ఖాతాలోకి వెళ్ళాయి.

ఆ సంగతి తలుచుకుంటూ గండికోట ధాన్యాగారంలోకి అడుగుపెట్టి చూడండి. చల్లటి చీకటి, ఎత్తైన కమానులు. కోటలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టే చోటు ఇదే. ముట్టడిలో కోటను కాపాడేది ఫిరంగులకంటే ముందు గింజలు. ఆ గింజలు చేలల్లో కోసినవాళ్ళు, కళ్ళాల్లో తూర్పారబట్టినవాళ్ళు, చెరిగినవాళ్ళు, దంచినవాళ్ళు, విసిరినవాళ్ళు ఎవరు? రాయలసీమలో జొన్న, కొర్ర, రాగి వండుకుతిన్న ఏ ఇంట్లోనైనా ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. విసుర్రాయి తిప్పినవాళ్ళకు శిలాశాసనం అవసరం లేదు, ఆ అరచేతులే శాసనం. ధాన్యాగారం తలుపు తెరిచే అధికారం మాత్రం వాళ్ళది కాదు. పండించిన చేతులకూ తాళంచెవి పట్టుకున్న చేతులకూ మధ్య ఉన్న దూరమే ఈ కట్టడం అసలు చరిత్ర.

ఆ దూరం కంపెనీ పాలనలోనూ, రాణి పాలనలోనూ తగ్గలేదు. 1876-78 నాటి ధాత కరువు మన దత్తమండలాలను ఊడ్చిపెట్టింది. కరువు పనుల్లో వేల మంది ఆడవాళ్ళు రాళ్ళు కొట్టారు, మట్టి మోశారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలిని కోసేశాడు. మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవాళ్ళకూ పిల్లలకూ అంతకంటే తక్కువ. ‘టెంపుల్ వేతనం’గా అది అపకీర్తి మూటగట్టుకుంది. నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. రాజుల శాసనాలు, యాత్రికుల వర్ణనలు, కైఫీయతులు వదిలేసిన మా ప్రాంతపు పేద స్త్రీలు ప్రభుత్వ కాగితాల్లో ఒక విడి గడిగా కనిపించేది ఇక్కడ. వాళ్ళను వేరుగా లెక్కపెట్టింది కూలి తగ్గించి ఇవ్వడానికి.

ఆ పాత శాసనాల సంగతీ చూద్దాం. మన జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. చెరువు కట్టడానికి ఏమేం కావాలో, ఏ దోషాలు ఉండకూడదో వివరించిన అరుదైన శాసనం. నీటిపారుదల ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. రెండేళ్ళ పాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. ఆ వెయ్యిమందిలో మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ళెందరు? కొల్లూరు గనిలో తవర్నియే చూసిన పని విభజన మూడువందల ఏళ్ళ ముందు పోరుమామిళ్ళలో ఉండకపోవడానికి నాకు కారణం కనబడదు. ఇవాళ ఉపాధి హామీ పని జరిగే ఏ చెరువుకట్ట మీదికి వెళ్ళినా అదే విభజన. పార మగవాడి చేతిలో, తట్ట ఆడమనిషి నెత్తిన.

మా అమ్మ ప్రశ్న దగ్గరికి ఇప్పుడు వస్తాను. కత్తుల కోనేరు దగ్గర గైడ్ కథ చెబుతున్నాడు. యుద్ధం ముగిశాక సైనికులు నెత్తుటి కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయట, అందుకే ఆ పేరట. అందరూ శ్రద్ధగా వింటున్నారు. అమ్మ మాత్రం మెట్ల కేసీ, కొండ మీద ఇళ్ళ కేసీ, కింద ఎక్కడో పారుతున్న పెన్న కేసీ చూసి నాతో అంది. “కత్తులు కడిగింది సరే మే. ఇంత కోటకు తాగే నీళ్ళు యాడి నుంచి తెచ్చినారు? ఎవురు మోసినారు?”

పెద్దమ్మ వెంటనే అందుకుంది. “మనట్లాంటోళ్ళే మోసింటారు, ఇంకెవరు?”

వాళ్ళిద్దరూ ఎండాకాలం నాలుగు గంటలకే లేచి బిందెలు వరసలో పెట్టి నిలబడ్డ తరం. ఒక జీవితకాలంలో వాళ్ళు మోసిన నీళ్ళ బరువు ఎంతో ఎవరూ లెక్కకట్టలేదు. అందుకే కోనేరు చూడగానే వాళ్ళకు కత్తులు గుర్తుకు రాలేదు, కడవలు గుర్తొచ్చాయి. పరిశోధనా పద్ధతుల మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఆధారాన్ని ఎలా పరీక్షించాలో నేర్పాయి. ఆ ఆధారాన్ని ఏం అడగాలో నేర్పేది అనుభవం. కోట మీద వందలమంది సైనికులు, గుర్రాలు, ఏనుగులు, వంటశాలలు, సున్నం కలిపే పనులు. వీటన్నిటికీ చెరువు నుంచి, కోనేటి నుంచి రోజూ నీళ్ళు కదలాలి. ఒక్కరోజు కదలకపోతే కోట పడిపోతుంది. మీర్ జుమ్లా ఫిరంగులు చేయవలసిన పని దాహమే చేసేస్తుంది.

దీన్ని ఎలా రాయాలి? మన దగ్గర ఉన్న ఆకరాలు ఎవరి నోట వచ్చాయో ముందు గుర్తుపెట్టుకోవాలి. 1800 తర్వాత కల్నల్ మెకంజీ తన సహాయకులతో, ముఖ్యంగా కావలి సోదరులతో, ఊరూరా కైఫీయతులు సేకరింపజేశాడు. తర్వాత కడపలో ఇల్లు కొనుక్కుని పనిచేసిన బ్రౌన్ దొర వాటికి నకళ్ళు రాయించాడు. లేకుంటే మన స్థానిక చరిత్రలో సగం దొరికేదే కాదు, ఆ రుణం ఒప్పుకోవలసిందే. కానీ ఊళ్ళో ఆ వివరాలు చెప్పింది కరణాలు, పెద్దలు. మాన్యాలు ఎవరివి, దేవాలయం ఎవరిది, పాళెగాడు ఎవరు అన్నవి వాళ్ళ ప్రశ్నలు. బావి దగ్గర ఎవరికి ఎంత దూరంలో నిలబడే హక్కుండేదో, చెరువు ఎండితే ఎవరు ఎంత దూరం నడిచారో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కులమూ, లింగమూ రెండూ అక్కడే కనిపించేవి. నీళ్ళు మోసే పని ఆడవాళ్ళందరిదీ కాదు. కొందరి పాత్రకు కోనేరు అందుబాటులోనే ఉండేది కాదు. ‘స్త్రీలు’ అని ఒక్క ముద్దగా రాస్తే మనమూ కరణం చేసిన పనే చేస్తాం.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు బతికి ఉన్నారు, మాట్లాడారు. నాలుగు శతాబ్దాల నాటి గండికోట స్త్రీలు మనతో మాట్లాడలేరు. అయితే పని మాట్లాడుతుంది. పని మారకుండా ఉన్నంతకాలం ఆ పని చేస్తున్నవాళ్ళ జ్ఞానం ఒక ఆకరమే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో నాపబండలు ఎత్తే, రాతిపొడి ఊడ్చే స్త్రీలను ఏ రాయి ఏ పొరలో చీలుతుందో, ఎంత బరువుకు ఎందరు పట్టాలో అడగండి. పాత కట్టడం ముందు నిలబెట్టి, ఇది ఎట్లా కట్టుంటారని అడగండి. ఇంజనీరు చెప్పని సంగతులు చెబుతారు. కోట లోపలి ఊళ్ళో ఉన్న ముసలమ్మలను ఏ కోనేటి నీళ్ళు తాగడానికి, ఏవి గొడ్లకు అని అడగండి. ఈ జవాబులు నేరుగా పదిహేడో శతాబ్దానికి సాక్ష్యం కావు. ఆ శతాబ్దాన్ని ఏం అడగాలో చెప్పే దారిచూపులు.

తొందరపడవలసిన అవసరం కూడా ఉంది. గండికోట జలాశయం నిండాక, ఎగువన ఎన్నో ఊళ్ళు నీళ్ళ కిందికి వెళ్ళాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఆందోళన చేస్తూ చేస్తూనే ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. నీళ్ళ కోసం తరాల తరబడి నడిచిన సీమ ఆడవాళ్ళు ఇప్పుడు నీళ్ళ వల్ల ఊళ్ళు వదిలారు. ఊరు మునిగితే దాని బావులు, బావుల పేర్లు, ఆ పేర్ల వెనక కథలు మునుగుతాయి. మరోవైపు కోట పర్యాటక కేంద్రంగా పెరుగుతోంది. గుడారాలు, ఉత్సవాలు, కొత్త బోర్డులు వస్తున్నాయి. బోర్డు మీద ఒకసారి పడిన వాక్యం యాభై ఏళ్ళు నిలబడుతుంది. కాకరాజు 1123 మనకు నేర్పిన పాఠం అదే.

అందుకని నేను కోరేవి చిన్నవి. మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థినులు ఈ కోటలకు రాజవంశాల పట్టికతో పాటు నీటి పటం, తిండి పటం గీయాలి. ఏ కోనేరు ఎక్కడ, చెరువు నుంచి ధాన్యాగారానికి, అక్కడి నుంచి ఇళ్ళకు ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, ఏ దారిన ఏ కులం నడిచింది. ఇది నడిచి కొలవగలిగిన చరిత్ర. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు, ఒక టేపూ, నోటు పుస్తకమూ, ఆ ఊరి ఆడవాళ్ళతో కూర్చునే ఓపికా చాలు. గోవిందమ్మ కథ బోర్డు మీద ఉండనివ్వండి, అది కథ అని చెబుతూ. రాణీమహల్ పేరు కింద, ఈ పేరు తరవాత పెట్టిందై ఉండవచ్చని ఒక్క వాక్యం చేర్చనివ్వండి. ధాన్యాగారం ముందు, ఈ గాదె నింపిన గింజలను కోసి, చెరిగి, దంచింది ఈ చుట్టుపట్ల ఊళ్ళ స్త్రీలని రాయించండి. వాళ్ళ పేర్లు మనకు దొరకవు. వాళ్ళు చేసిన పని పేరు తెలుసు కదా, అది రాద్దాం.